ఒక్క ముక్క

"కావాలన్నవాడు ఒక్క ముక్క రాస్తే చేతులు పడిపోతాయా?" అన్నాడు విష్ణువర్ధన్. "ఐదింటికల్లా తీసెయ్ అమ్మాయ్."

మనీషా గడియారం చూసింది. నాలుగున్నర.

వాళ్ళది తెనాలిలో ఉచిత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు తయారుచేసే చిన్న ఆఫీసు. రెండు వారాల కిందట, ఆదివారం నాడు, డెస్క్‌టాప్ కొత్త వెర్షన్ అందరి కంప్యూటర్లలోకీ వెళ్ళింది. దానికి సరిపడని ఎక్స్‌టెన్షన్లు, అంటే డెస్క్‌టాప్‌కి తగిలించుకునే అదనపు హంగులు, ఆ రోజే ఆగిపోయాయి. స్క్రీన్ మీదికొచ్చే నోటీసులో 'కావాలి' అని టైప్ చేస్తే సరిచేసి మళ్ళీ నడిపిస్తారు. గడువులోగా ఎవరూ అడగనిది శాశ్వతంగా పోతుంది. గడువు ఇవాళే.

ఇంకా ఎవరూ అడగకుండా మిగిలింది ఆర్.పి.7 అనే ఎక్స్‌టెన్షన్ ఒక్కటే. వాడేదీ ఒక్కరే. రేపల్లెలో దావీదు గారు.

"రోజుకి పది గంటలు వాడేవారు సార్."

"మరి ఉలుకూ పలుకూ లేదేం?"

మనీషాకి మనసొప్పలేదు. ఫోన్ చేసింది. ఆయన భార్య ప్రమీల ఎత్తింది.

"దావీదు గారున్నారా ఆంటీ?"

"ఎక్కడికి పోతారమ్మా? కంప్యూటర్ ముందే ఉన్నారు."

"అందులో మా నోటీసు కనిపిస్తోందా అండి?"

"ఏదో ఇంగ్లీషులో ఉంది తల్లీ. దాని వంకే చూస్తా కూర్చుంటారు."

"'కావాలి' అని ఒక్క ముక్క రాయమనండి, చాలు."

"ఏవండీ, విన్నారా? కావాలని రాయాలంట!"

ప్రమీల మళ్ళీ ఫోన్‌లోకొచ్చింది.

"పలకరమ్మా. రెండు వారాలైంది నాతో మాట్లాడి. ఆ ఆదివారం చర్చికి నేనొక్కదాన్నే వెళ్ళొచ్చానని అలక. నేను మాత్రం బతిమాలతానా ఏంటి?"

"పోనీ మీరే టైప్ చేసేయండి ఆంటీ."

"అమ్మో, ఆయన్నడక్కుండా దాని మీద చెయ్యి వెయ్యను. ఇదిగో, నా వంకే చూస్తా కళ్ళు టపటపా ఆర్పేస్తున్నారు. ఎంత కోపమో!"

ప్రమీల నవ్వింది. మనీషాకీ నవ్వొచ్చింది.

ఐదయింది. జవాబు రాలేదు. మనీషా ఆర్.పి.7ని తీసేసింది. తొలగించినవాటి రిజిస్టరులో 'ఉపయోగం' అన్న గడి నింపాలి కదా అని, దాని వివరణ మొదటిసారి తెరిచి చదివింది:

'చేతులూ మాటా పడిపోయినవారు కనురెప్పలు ఆర్పుతూ అక్షరాలు రాస్తే, ఆ మాటను కంప్యూటర్ పైకి పలుకుతుంది.'