కడిగిన సమాధి

"నాకంటే ముందొచ్చి మా ఆయన సమాధి కడిగిందెవరు?"

చీపురు చేత్తో పట్టుకుని కినుయో అక్కడే నిలబడిపోయింది. రాత్రంతా సకురజిమ అగ్నికొండ బూడిద కక్కింది. సమాధుల మీద రేకు కప్పులున్నా రాళ్ళన్నీ బూడిద పట్టి ఉన్నాయి. ఆమె భర్త రాయి ఒక్కటే నీళ్ళోడుతూ మెరుస్తోంది. ముందు పచ్చ చామంతులు, గ్లాసులో చిలగడదుంప సారా.

"పోయిన ఏడూ ఇంతేగా! సరిగ్గా పోయిన పెద్దల్ని తలుచుకునే బోన్ పండక్కి ముందు రోజే," అంది తోడికోడలు తోమె. ఆమె పక్కనే తన భర్త సమాధి ఊడుస్తోంది. అన్నదమ్ముల రాళ్ళు రెండూ ఒక్కలాంటివే. ఊళ్ళో అందరి రాళ్ళలాగే వాటి మీదా పెద్దక్షరాల్లో ఇంటిపేరే ఉంది, అరిముర అని.

"ఏమే, మీ ఆయన ఏటా చలికాలం కట్టడం పనులకని పోయేవాడుగా. అక్కడ ఏం కట్టాడో ఏమో!"

"ఊరుకో అక్కా."

"నేనూరుకుంటే పూలు ఊరుకుంటాయా? మా ఆయనా ఊళ్ళు తిరిగాడు. పాపం, బండి దొంగలెత్తుకుపోయాక కూడా బస్సెక్కి పోయి, నడుం నొప్పికి వేడినీటి గుండాల్లో నానొచ్చేవాడు. ఆయన సమాధికి ఒక్క పువ్వైనా వచ్చిందా?"

కినుయో చామంతుల్ని పక్కకి నెట్టేసింది. "అదే నిజమైతే నా ఎముకలు ఈ రాయి కింద పెట్టొద్దని పిల్లలకి చెప్పేస్తాను. పరాయి వాళ్ళ మధ్యనైనా ఉంటాను గానీ ఆయన పక్కన ఉండను."

అంతలో నీళ్ళ పంపు దగ్గర బకెట్ చప్పుడైంది. హెల్మెట్ చంకలో పెట్టుకున్న నడివయసు మనిషి వాళ్ళని చూసి, గబుక్కున వెనక్కి తిరిగాడు.

"ఆగవయ్యా!" తోమె చీపురు అడ్డంపెట్టింది. "ఎవరి తాలూకు నువ్వు?"

"ఊరికే... దారిన పోతూ..."

"దారిన పోయేవాడు అన్ని రాళ్ళూ వదిలేసి ఈ ఒక్క రాయే కడుగుతాడా?"

"నిజం చెప్పు నాయనా," అంది కినుయో. "ఆయన నీకేమవుతాడు?"

అతను నడుం దాకా వంగి దణ్ణం పెట్టాడు. "నాన్న. అసో నుంచి కిరిషిమ కొండల మీదుగా బండి మీద వచ్చానమ్మా. మీ కంట పడకుండా కడిగేసి పోదామనుకున్నాను. క్షమించండి."

"విన్నావా! నేను చెప్పలా?" తోమె చేతులు తిప్పింది.

కినుయో చేతిలో చీపురు జారిపోయింది.

"ఈ బండీ నాన్న ఇచ్చిందే," అంటూ అతను గోడ పక్కన ఆపిన పాత ఎర్ర మోటారు సైకిలు చూపించాడు. "దీని మీదే నన్ను మా కొండలన్నీ తిప్పేవాడు."

కినుయో తలెత్తింది. "బండా? మా ఆయనకి సైకిలు తొక్కడం కూడా రాదే!"

అతను తెల్లబోయాడు. "రెండో వరసలో అరిముర వాళ్ళ రాయి అని చెప్పిందే మా అమ్మ..."

"అక్కా, విన్నావా?" అంటూ కినుయో పక్కకు తిరిగింది.

తోమె పక్కన లేదు. గోడ దగ్గర వంగి, ఒకప్పుడు మొగుడి మీదికి తాను విసిరిన ఇనప కెటిల్ బండి ట్యాంకు మీద చేసిన సొట్టను వేలితో తడుముతోంది.