నోరు విప్పితే

"పిల్లని ఎక్కడ దాచారు?"

తాళ్ళు పేనే కొట్టులో అడుగు పెట్టీ పెట్టగానే పొడిదొర అడిగిన మాట అది. కాళ్ళకి మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతిలో ఇనప చువ్వ. వెనకాలే లాంతరూ మూటా మోస్తూ అతని బంట్రోతు. వాడు పొడివాడు కాదు, నీటివాడే. సొంత జాతిమీదికి సోదాకి వచ్చినవాణ్ణి చూడగానే ఆ ఇంటి కోడలికి ఒళ్ళు మండిపోయింది.

"ఏ పిల్లండీ దొరగారూ?"

"ఈ ఇంట్లో గుడ్డు పగిలిందని కబురొచ్చింది. పుట్టిన పిల్లని పుట్టినట్టు ఓడకి అప్పజెప్పాలని చాటింపు వేయించాం. వినలేదా?"

వినకేం! చెవులున్న ప్రతివాళ్ళూ విన్నారు. నీళ్ళు తప్ప నేలంటూ లేక, మునిగీ మునగని తెప్పలమీదే ఇళ్ళూ వీధులూ కట్టుకున్న ఆ లోకంలోకి పొడివాళ్ళు ఆకాశంలోంచి ఓడలతో దిగారు. సముద్రాన్ని గొట్టాలతో తోడుకుపోవడం మొదలుపెట్టారు. నీటివాళ్ళు అడుగునుంచి ఈదుకుంటూ వెళ్ళి ఆ గొట్టాలు కోసేస్తున్నారు. అందుకని ఈతే రాని తరాన్ని పెంచుదామని పసివాళ్ళని పట్టుకుపోతున్నారు మహానుభావులు. ఓడెక్కిన పిల్ల ఒక్కతీ మళ్ళీ ఇల్లు చేరలేదు.

దొర ముందు కోడలి ఒడి చూశాడు. పక్కబట్టలు దులిపించాడు. నీళ్ళ తొట్టిలో చువ్వ పెట్టి కెలికాడు, తాళ్ళ చుట్టల్లో పొడిచి పొడిచి చూశాడు. ఎక్కడని దొరుకుతుంది? పసిపిల్లంటే తల్లి దగ్గరే ఉంటుందని పొడివాళ్ళ లెక్క. నీటివాళ్ళలో పసికందుకి ఉయ్యాల తండ్రి నోరు. మొప్పలు గట్టిపడేదాకా పడకా అక్కడే, ఆటా అక్కడే. ఈ సంగతి ఇంతవరకూ ఏ నీటివాడూ పొడివాళ్ళ చెవిన వేయలేదు. వేయగలిగినవాడు ఇప్పుడు లాంతరు పట్టుకుని కొట్లోనే నిలబడి ఉన్నాడు.

మూలన పీటమీద ఆమె మొగుడు తలొంచుకుని తాడు పేనుతున్నాడు. పోగు చివర పెదాలమధ్య బిగించి పట్టుకోవడం ఆ పనివాళ్ళ అలవాటే కాబట్టి నోరెందుకు మూసుకున్నాడని ఎవరూ అడగరు. దొర అడిగాడు.

"నీ సంగతేంటి? ఇంతసేపూ ఒక్క మాట లేదు. పేరు చెప్పు."

తాళ్ళవాడి చేతులు ఆగిపోయాయి.

"పన్ను పోటండీ వాడికి!" అంటూ పక్కనే ఉన్న అత్త అడ్డం వచ్చింది. "బుగ్గ చూడండి ఎలా వాచిపోయిందో!"

"పన్ను పోటొస్తే పేరు మర్చిపోతారా?"

"పోటు లేనప్పుడైనా ఏం మాట్లాడతారు లెండి," అని కోడలు నవ్వబోయింది. నవ్వు రాలేదు. "అత్తాకోడళ్ళం ఇద్దరం ఉన్న కొంపలో ఆయనకి వంతెక్కడ వస్తుందండీ?"

దొర నవ్వలేదు. తాళ్ళవాడి బుగ్గకేసే చూస్తున్నాడు. అప్పుడే లోపల పిల్ల తోక జాడించింది కాబోలు, బుగ్గమీద చిన్న బొడిపె లేచి అణిగింది. కోడలికి కాళ్ళకింద నీళ్ళు చల్లబడ్డట్టయింది.

"గొట్టాలు కోసేవాళ్ళు కత్తి నోట్లోనే దాచుకుంటారు," అన్నాడు దొర. తన చేత్తో ముట్టుకోవడానికి అసహ్యమేసి బంట్రోతుని ముందుకి తోశాడు. "వాడి నోరు తెరిచి చూడు."

అయిపోయింది. అంతా అయిపోయింది. కోడలు పరుగున వెళ్ళి బంట్రోతు చెయ్యి పట్టుకుంది.

"నీకు దణ్ణం పెడతాను తమ్ముడూ! మావారు చీమకైనా హాని చేయని మనిషి, నువ్వైనా చెప్పవయ్యా దొరగారికి. మాట్లాడవేం? నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

"నా బంట్రోతులు వాగరు," అన్నాడు దొర గర్వంగా. "అందుకే పెట్టుకున్నాను."

బంట్రోతు చెయ్యి విడిపించుకున్నాడు. తాళ్ళవాడి పెదాలనుంచి పోగు లాగేసి, లాంతరు దగ్గరికి పెట్టి, రెండు వేళ్ళతో దవడ నొక్కాడు. నోరు తెరుచుకుంది. అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది. కోడలు మూసుకోలేకపోయింది. ఆ వెలుగులో పిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. కళ్ళు మిటకరించి చూస్తోంది కూడా.

బంట్రోతు వంగి తేరిపార చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఏముంది?" దొర కసిరాడు.

బంట్రోతు తాళ్ళవాడి దవడ మెల్లగా మూశాడు. దొరవైపు తిరిగి, ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"థూ! ఈ తడి కొంపలన్నీ ఒకటే కంపు," అని తిట్టుకుంటూ దొర నీళ్ళు చిమ్ముకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు. పక్కింటి తలుపుమీద చువ్వతో బాదడం వినిపించింది.

బంట్రోతు మూట ఎత్తుకోవడానికి వంగాడు. కోడలు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"చూశావు. చూసి కూడా లేదన్నావు," అంది గొంతు తగ్గించి. "ఎందుకు? రేపొచ్చి ఏం అడుగుతావు? ఏం కావాలో ఇప్పుడే చెప్పి చావు. రోజూ నీకు భయపడుతూ బతకలేను."

బంట్రోతు వీధిలోకి తొంగి చూశాడు. దొర వీపు ఇటే ఉంది. ఆమె దగ్గరికి వంగి, పెదాలు కాస్త విడదీశాడు.

ఆ సందులోంచి చిటికెన వేలంత తోక ఒకటి బయటికొచ్చి, చటుక్కున లోపలికి పోయింది.