తొమ్మిది గంటల వెచ్చదనం

సముద్రం గాలికి ఎంత వేడి ఇస్తుందో కంప్యూటర్ కట్టిన లెక్కనూ, దీవి ఒడ్డున ఉన్న వాతావరణ కేంద్రం కొలతలనూ నెవెంక స్ప్లిట్ నగరంలోని ఆఫీసులో కూర్చుని పోల్చి చూస్తోంది. రెండూ కలిసే నడుస్తున్నాయి. రోజూ రాత్రి తొమ్మిదికి మాత్రమే తేడా. ఎముకలు కొరికే 'బూరా' అనే చలిగాలిలోనూ ఆ నిమిషం ఒడ్డున థర్మామీటర్ వెచ్చబడుతోంది. నెల రోజులుగా ఇదే వరస. తప్పుడు కొలతలని కొట్టిపారేద్దామంటే చేతులు రావడం లేదు.

చివరికి దీవిలోని లైట్‌హౌస్ కాపలాదారు యోసోకి ఫోన్ చేసింది.

"తొమ్మిదింటికి ఆ థర్మామీటర్ పెట్టె దగ్గరికి ఎవరొస్తున్నారు బాబాయ్?"

"ఈ గాలిలోనా? దయ్యాలు కూడా దుప్పటి ముసుగేసుకుని పడుకుంటాయమ్మా!" నవ్వి, అంతలోనే గొంతు తగ్గించాడు. "రోజూ తొమ్మిదింటికి కొలతలు రాసుకోడానికి మన షిమే తాత వెళ్లేవాడు. థర్మామీటర్ అద్దం మీద నోటితో ఆవిరి ఊది, తుడిచి, అప్పుడు అంకె చూసేవాడు. పోయి నెలైంది కదా. ఇకమీద అంకెలు ఎవరు చూస్తార్రా అని పోయేముందు ఒకటే బెంగ. నీ పేరు చెప్పాను."

ఫోన్ పెట్టేసేసరికి తొమ్మిదైంది. తెర మీద ఒడ్డు థర్మామీటర్ అంకె కదల్లేదు. ఇవాళ అక్కడికి ఎవరూ రాలేదు.

నెవెంక ఊపిరి బిగబట్టి చూస్తోంది.

ఆమె ముఖం ఎదుట, కంప్యూటర్ తెర మీద, మెల్లగా ఆవిరి పట్టింది.