పన్నెండో కట్ట

“ఈ వారమే ఆఖరు బిడ్డా. సోమవారం నుంచి నేను రాను” అన్నాడు యాదయ్య, చేతికి సూది గుచ్చుతున్న నర్సు శ్రీవాణితో.

“డయాలసిస్ మానేస్తే ఏమైతదో తెలుసా పెద్దనాయనా?”

“తెలుసు. రెండు వారాలల్ల ఒడుస్తది.”

అచ్చంపేటలో ముప్పై ఏళ్లు పల్లీల వ్యాపారం చేసిన మనిషి. లెక్క చూసుకోకుండా మాట జారడు.

“వారానికి మూడు దినాలు ఈ మిషిన్‌కు. మూడు దినాలు నీరసానికి. నాకు మిగిలేది ఒక్క దినం. ఒక్క దినం కోసం ఆరు దినాలు పెట్టే బేరం తెలివున్నోడెవడన్న చేస్తడా?”

శ్రీవాణి సూదికి టేపు అంటించి మిషిన్ వైపు తిరిగింది.

పక్క మంచం మీది బక్కమనిషి మాత్రం తల తిప్పి యాదయ్యను చూశాడు.

పేరు దేవదాసు. ఊరు బల్మూరు. ముంబయిలో ఇరవై ఏళ్లు సిమెంటు బస్తాలు మోసి వచ్చినవాడు. నాగర్‌కర్నూల్ డయాలసిస్ సెంటర్‌లో నెల రోజులుగా ఇద్దరివీ పక్కపక్క మంచాలే. మాటలు మాత్రం కలవలేదు.

బుధవారం దేవదాసు సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసి యాదయ్య ఒళ్లో పెట్టాడు.

“సేటూ, జర ఇది చదువు. నాలుగు గంటలు పోవాలె గద.”

పాత డిటెక్టివ్ నవలలో ఒక ముక్క. అట్ట లేదు, పేరు లేదు. పదిహేను ఆకులు, అంచున సూదీదారంతో కుట్టు. ఒంటిచేత్తో పట్టుకునేంత తేలిక.

మొదటి పేజీలోనే లాడ్జి ఏడో నంబరు గదిలో శవం. తలుపుకు లోపలినుంచి గడియ.

ముప్పయ్యో పేజీ కింద, ‘ఆ రాత్రి తలుపు తట్టింది ఎవరంటే’ అని ఉంది.

అంతే. కట్ట అయిపోయింది.

“ఏందయ్యా ఇది! ఎవరు తట్టిన్రు?”

“శుక్రవారం తెలుస్తది.”

“పుస్తకమంత ఒక్కసారే ఇయ్యరాదు?”

“వచ్చిన దినానికి ఒక్క కట్ట. గంతే సేటూ.”

శుక్రవారం రెండో కట్ట వంటవాడి చేతిలో కత్తి దగ్గర తెగింది.

సోమవారం శ్రీవాణి వచ్చేసరికే యాదయ్య మంచమెక్కి కూర్చున్నాడు.

“రానంటివి గద పెద్దనాయనా?”

“ఆ వంటోడు గడియెట్ల పెట్టిండో తెల్వకుంట ఎట్ల సస్త బిడ్డా?”

పిడికెడు పల్లీలు చేతిలో పోసి, రుచి తగలగానే బస్తా మూతి కట్టేయడం యాదయ్యకు కొట్టినపిండే. ఆ విద్య తన మీదే ప్రయోగించినవాణ్ని ఇప్పుడే చూశాడు.

“సరిగ్గ పానం గుంజేకాడ తెంపుతవ్ దేవదాసూ. అచ్చంపేటల దుకాణం పెట్టుంటే నా దుకాణం మూయించేటోనివి.”

దేవదాసు నవ్వాడు.

యాదయ్య చదివిన కట్ట శ్రీవాణికి పోయేది. ఆమె దగ్గర్నుంచి కిటికీ పక్క మంచం తాజ్‌బీకి. తాజ్‌బీకి కూతురు అంజుమ్ చదివి వినిపించేది.

“డాక్టరే చంపిండంటుంది మా అమ్మీ” అని అటునుంచి కేకేసేది అంజుమ్.

“సూదులు గుచ్చుతరని మీ అమ్మకు డాక్టర్ల మీద కోపం” అని ఇటునుంచి యాదయ్య.

హాలంతా నవ్వులు.

ప్రతి కట్ట ముగియగానే దేవదాసు అడిగేవాడు.

“ఎట్లయింది సేటూ? మొదటినుంచి చెప్పు.”

యాదయ్య చెప్పేవాడు. దేవదాసు కళ్లు మూసుకుని, ఒక్క పేరు కూడా జారిపోనీయకుండా వినేవాడు.

ఇచ్చిన సరుకు వాడుతున్నానో లేదో చూసుకుంటున్నాడు, గట్టివాడే, అనుకునేవాడు యాదయ్య.

పన్నెండో కట్టతో కథ ముగిసింది.

“దొరికిండా సేటూ? ఎవరు?” దేవదాసు మోచేతి మీద లేచాడు.

యాదయ్యకు చిలిపితనం పుట్టింది.

“చదివినోనివి, నీకు తెల్వదా? పదకొండుసార్లు నన్ను ఆగబెట్టినవ్. ఒక్కసారి నువ్వాగు. బుధవారం చెప్త.”

దేవదాసు ముఖం వెలిగింది.

“అంటే బుధవారం వస్తవన్నట్టే గద!”

బుధవారం యాదయ్య వచ్చాడు. పక్క మంచం ఖాళీగా ఉంది.

“సోమవారం ఇంటికి పోయినంక గుండె ఆగిందంట పెద్దనాయనా” అంది శ్రీవాణి.

ఆ రోజు నాలుగు గంటలూ యాదయ్య కప్పు చూస్తూ గడిపాడు. నాలుగు వారాల్లో తాను ఎన్నిసార్లు వచ్చాడో, ఒక్కసారి కూడా లెక్క చూసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అయినా శుక్రవారం వచ్చాడు. ఆ పై సోమవారమూ వచ్చాడు.

ఆ సోమవారమే దేవదాసు భార్య వచ్చింది, ఆయన డయాలసిస్ కార్డు తిరిగి ఇవ్వడానికి. మంచాలన్నీ చూసుకుంటూ వచ్చి యాదయ్య దగ్గర ఆగింది.

“అచ్చంపేట సేటువు నువ్వేనా?”

“నేనేనమ్మా.”

“ఆయన పదిహేనాకులు లెక్కబెట్టి ఇస్తుంటే ఆ కట్టలన్ని నేనే కుట్టిన. పొద్దూకి ఇంటికొచ్చి కత చెప్పేటోడు. ఆఖరుది మాత్రం చెప్పలె. ఎవరు చంపిన్రు సేటూ? పోయి ఆయన సమాధికాడ చెప్పొస్త.”

యాదయ్య దిండు మీంచి తల ఎత్తాడు.

“లాడ్జి మేనేజరు చంపిండమ్మా... కానీ నాకిచ్చే ముందర ఆయన చదివే ఉంటడు గద?”

“సదువుడా? ఆయనకు అచ్చరం ముక్క రాదు సేటూ. ‘పక్క మంచమాయన ఇగ రానంటుండు, అన్నిట్ల లావుగున్న కత పుస్తకం ఇయ్యి’ అని పాత పుస్తకాల బండికాడ అడిగి తెచ్చిండు.”