తల తిప్పే బొమ్మ

కేసముద్రంలోని తన రేడియో దుకాణంలో సంజీవ కొత్తగా తయారుచేసిన బల్లమీది బొమ్మ మళ్ళీ సీతాబాయి వైపే తల తిప్పింది. రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చిన ఆ లంబాడీ తండా స్త్రీ బెదిరి ఒక అడుగు వెనక్కి వేసింది.

వాకిట్లో గుమిగూడిన హమాలీలు "బాణామతి" అని గుసగుసలాడారు. నిరుడు పక్క ఊళ్ళో ఆ మంత్రగత్తె నిందతోనే ఒక ముసలమ్మ పళ్ళు ఊడగొట్టారు.

సంజీవకు కారణం తెలుసు. బొమ్మ రెండు చెవుల్లోనూ చిన్న మైకులు అమర్చింది అతడే. చప్పుడు ఎటు గట్టిగా వినిపిస్తే మెడ అటు తిరుగుతుంది.

"అక్కా, గీ బొమ్మ నీ గాజుల చప్పుడింటున్నది," అన్నాడు మెల్లగా. "జర తీసి పెట్టు. తిరగదు. అందరు చూస్తరు."

"మొగడు బతికుండంగ గాజులెట్ల తీస్తనన్నా?" ఆమె భుజాల దాకా ఉన్న గాజులను గుండెకు హత్తుకుంది.

సంజీవ తన తువ్వాలను చింపి ఆ గాజులకు బిగించి చుట్టాడు. ఆమె చేతులు ఊపింది. జనం ఊపిరి బిగబట్టారు. బొమ్మ కదలలేదు.

సంజీవ గర్వంగా వాకిట్లోకి చూశాడు.

"మంత్రం గాజులల్లనే ఉన్నదిరా! కప్పంగనే ఆగింది!" అని ఒక హమాలీ కేక వేశాడు.

బొమ్మ గిర్రున అతని వైపు తిరిగింది.

అతని పక్కనున్నవారు ఒక్కొక్కరే దూరం జరిగారు. అతడు ఎవరి ముఖం చూసినా ఆ ముఖం పక్కకు తిరిగింది.

సీతాబాయి ఒక్కతే అతని దగ్గరికి నడిచింది.

"భయపడకన్నా," అన్నది. "నువ్వు అరిసినవు, గది ఇన్నది. గంతే."