అమ్మకానికి కింది ఫ్లాటు

తలుపు తెరవగానే ముందు వాసన వచ్చింది. మనిషి తర్వాత కనిపించింది.

పులిసిన పాలు, తడి సాక్సులు, ఎక్కడో కుళ్ళుతున్న చేప. మూడూ కలిసి ఒక్కసారిగా ముక్కులోకి దూరాయి. ఇల్లు కొనడానికి వచ్చినావిడ గుమ్మంలోనే ఆగిపోయి చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"రండక్కా, లోపలికి రండి," అంది అందులో అద్దెకుంటున్న ఇల్లాలు. జుట్టు రేగిపోయి ఉంది. గౌను మీద అరచేయంత నూనె మరక.

ఆ అక్కా అన్న పిలుపుకే ఆవిడకు ఒళ్ళు మండింది.

బ్రోకరు గొంతు సవరించుకుని, గేటు దగ్గర చెప్పిందే మళ్ళీ ఆవిడ భర్తకు చెప్పాడు. "ఈ నెలాఖరులోగా బేరం కుదిరితే వీళ్ళు ఖాళీ చేసేస్తారు సార్. కుదరకపోతే అమ్మకం మానేసి వీళ్ళకే ఇంకో ఐదేళ్ళు అద్దెకు రాసిచ్చేస్తానంటున్నారు ఓనరుగారు. అందుకే రేటు తగ్గించారు."

"పదకొండేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాం. పిల్లలిద్దరూ ఈ ఇంట్లో పుట్టినవాళ్ళే," అంది ఇల్లాలు, ఎవరూ అడక్కుండానే.

"అప్పట్నుంచీ ఊడ్చినట్టు లేరు," అంది ఆవిడ.

వంటింట్లో సింకు నిండా గిన్నెలు. నీళ్ళ మీద జిడ్డు తెట్టు కట్టింది. అందులో ఒక ఉల్లిపొట్టు తీరిగ్గా తేలుతోంది. పక్కన బూజు పట్టిన రొట్టెముక్క. స్టవ్ మీద ఏదో పొంగి, మాడి, నల్లగా అట్ట కట్టింది.

ఆవిడా ఇద్దరు పిల్లల తల్లే. ఆవిడ ఇంట్లో గ్లాసు అడుగున కూడా మరక ఉండదు.

"ఏమ్మా, పిల్లలు తిరిగే ఇల్లు కదా. రోగాలు రావూ?"

"ఏం చెయ్యనక్కా, నాకు మొదట్నుంచీ ఒళ్ళు వంగదు."

"మీ అమ్మ ఏమీ నేర్పలేదా?"

"మా అమ్మ ఇల్లు చూస్తే ఇదే నయమంటారు మీరు."

హాల్లో పదేళ్ళ కూతురు సోఫా మీద పుస్తకం పట్టుకుని కూర్చుంది. పాపిడి గీత గీసినట్టుంది, రెండు జడలూ బిగించి అల్లి ఉన్నాయి. ఏడేళ్ళ కొడుకు కిటికీ కర్టెన్‌తో ముక్కు తుడుచుకున్నాడు.

"వాడికి అలవాటైపోయిందక్కా," అంది తల్లి.

వాడి చేతిలోని బిస్కెట్ నేల మీద పడింది. వంగి తీసుకుని తల్లి వైపు చూశాడు. తల్లి తలూపింది. వాడు దాన్ని నోట్లో వేసుకున్నాడు.

ఆవిడ ముఖం తిప్పుకుంది. "ఛీ, పశువులు నయం," అంది భర్త చెవిలో. చెవిలో అన్నా అందరికీ వినిపించింది. కూతురు చటుక్కున పుస్తకంలోకి ముఖం దించుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోంది కాబోలు అనుకుంది ఆవిడ.

బాత్రూములో నీళ్ళు పోయే జాలీ మీద ఎలుకంత వెంట్రుకల ఉండ. ఆవిడ ఆ తలుపు మోచేత్తో మూసేసింది.

భర్త మాత్రం గోడలు తట్టి చూస్తున్నాడు. ఒకచోట గోధుమరంగు మరక మీద వేలు పెట్టాడు. వేలికి తడి అంటింది.

"ఎండాకాలంలో కూడా చెమ్మేనా?"

"చిన్న రిపేరు సార్, చేయించుకోవచ్చు," అన్నాడు బ్రోకరు తొందరగా. "ఇరుగుపొరుగు మంచివాళ్ళు. పైన ఒక పడుచు జంట. వాళ్ళ చంటిదాని ఏడుపు తప్ప ఏ గొడవా వినపడదు."

భర్త కిటికీ తెరిచాడు. గాలి ధారాళంగా వచ్చింది. "గోడలు గట్టివి. వెలుతురు బాగుంది. కడిగించి రంగులు వేయిస్తే ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఈ ధరకు ఇంకోటి దొరకదే," అన్నాడు భార్యతో.

ఆవిడ రుమాలు తియ్యకుండానే ఆలోచించింది. కడిగించవచ్చు. మనుషుల్ని పెట్టి వారం రోజులు గీకించవచ్చు. చివరికి తలూపింది.

"అడ్వాన్సు ఎప్పుడివ్వమంటారు?" అన్నాడు భర్త.

ఇల్లాలి ముఖంలో నవ్వు పోయింది. ఒక్క క్షణం పిల్లల వైపు చూసింది.

"అక్కా, సింకు కింద అల్మరా చూడనే లేదు మీరు," అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. అల్మరాలోంచి చెత్తబుట్ట బయటికి జరిపి మూత తీసింది.

చేప తలకాయలు. పేగులు. చుట్టి పడేసిన బరువైన డైపర్లు. వాటి మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి పురుగులు ఒకదాని మీదుగా ఒకటి పాకుతున్నాయి.

"పారబొయ్యడం మర్చిపోతున్నానక్కా," అంది ఇల్లాలు.

ఆవిడ నోరు మూసుకుని వీధిలోకి పరిగెత్తింది. గేటు పక్కన వంగి కక్కుకుంది. భర్త నీళ్ళ సీసా ఇస్తే తాగలేదు. మోచేతుల దాకా చేతులు కడుక్కుంది.

"ఊరికే ఇచ్చినా ఈ ఇల్లు నాకొద్దు. ఎంత కడిగినా నా కళ్ళకు ఆ పురుగులే కనిపిస్తాయి. అదీ ఒక తల్లేనా? ఆ పిల్లల్ని తల్చుకుంటే జాలేస్తోంది."

కారు వెళ్ళిపోయింది. బ్రోకరు గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"నీకో దణ్ణం తల్లీ. ఎవర్ని తెచ్చినా ఇదే వరస. ఆదివారం వచ్చేదే ఆఖరి పార్టీ. ఆ ఒక్కరోజైనా కాస్త ఊడ్చిపెట్టు."

"అలాగే అన్నయ్యా."

అతని స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, తలుపు గడియ పెట్టి, గౌను చేతులు పైకి మడుచుకుంటూ ఆమె కూతురితో అంది: "పైవాళ్ళ చెత్తబుట్ట వాళ్ళకిచ్చేసి, ఆదివారం పొద్దున మళ్ళీ కావాలని చెప్పిరా."