గిరిజ గొంతు

"అడుగుతున్నావా, యుద్ధానికి పిలుస్తున్నావా?" అన్నాడు అనంత ఉడుప.

ఎదురుగా కూర్చున్న నాగు మొగవీర నాలుక కరుచుకున్నాడు. కుందాపుర యక్షగాన మేళంలో నాగువి రాక్షస వేషాలు. తెర వెనక నుంచి అతను కేక వేస్తే ముందు వరసలో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు. ఉడుపవి ఆడవేషాలు. పాతికేళ్లుగా దమయంతి ఆయనే.

వానాకాలం, మేళానికి సెలవులు. అలాంటి రోజున నాగు వచ్చి, ఆడమనిషిలా మాట్లాడటం నేర్పమన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

"మళ్లీ అను."

"ఒంట్లో ఎలా ఉంది?"

"పిల్లిని తొక్కినట్టుంది. సన్నగా పలికితే ఆడగొంతు అయిపోదు నాగూ. అడిగాక జవాబు వినాలన్న తొందర ఆ మాటలో ఉండాలి. నువ్వు అడిగేసి లేచిపోతున్నావు."

"అలవాటయ్యా."

"లేనిదాన్ని నేను తెచ్చి నీకు అతికించలేను. లోపల ఎక్కడో ఉంది. నువ్వు దాని మీద కూర్చున్నావు. కాస్త లే."

నాగు నిజంగానే లేచి నిలబడ్డాడు. ఉడుప నవ్వలేదు.

రోజూ వచ్చేవాడు. మెత్తగా అడుగు వేయడం, నుదుటి మీద చెయ్యి ఎంత బరువుతో పెట్టాలో, పెట్టేటప్పుడు గాజులు ఎంత చప్పుడు చేయాలో అడిగి నేర్చుకున్నాడు.

"చీరకట్టు చెప్పనా?"

"వద్దు."

"మొహానికి రంగు?"

"వద్దయ్యా. గొంతు, నడక, చెయ్యి చాలు."

మొహం అక్కర్లేని ఆడవేషం ఉడుప ఎక్కడా చూడలేదు.

బదులుగా నాగు ఆయనకి కేక నేర్పాడు. ఉడుప ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. మేళం యజమాని ఏమన్నా తల వంచుకుని "సరే" అనడమే.

"పొట్టలోంచి రావాలయ్యా. కాదు అనండి."

"కాదు."

పెరట్లో ఆవు తల కూడా ఎత్తలేదు.

వానలు వెనక్కి తగ్గాయి. ఒక మధ్యాహ్నం హోటల్లో ఎవరో అన్నారు, "ఉడుపగారూ, ఈసారి దమయంతి కొత్తవాళ్లకట కదా!"

కాఫీ వదిలేసి ఉడుప సముద్రం దారి పట్టాడు. ఇన్నాళ్లూ తనకి కూడు పెట్టే విద్యని తన చేతులతోనే నాగుకి పంచిపెట్టాడన్న మాట. నాగు ఇంటి ముందు ఇసుకలో నిలబడి పొట్టలోంచి కేక వేశాడు.

"నాగూ! బయటికి రా! దమయంతి నాది! ప్రాణం పోయినా ఇచ్చేది లేదు!"

ఎండుచేపల మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి.

నాగు బయటికి వచ్చాడు. లుంగీ, బుర్రమీసం, రెండు చేతులకీ ఆకుపచ్చ గాజులు.

"మెల్లగా అయ్యా, అమ్మ తింటోంది."

"ఆ గాజులేమిటి?"

"అమ్మకి కంటిచూపు లేదు, చెయ్యి తడిమి చూస్తుంది." నాగు అరుగు మీద కూలబడ్డాడు. "వానలకి ముందే మతి తప్పింది. నన్ను గుర్తుపట్టదు. నా కూతురు గిరిజ ఏదీ, అది పెడితేనే తింటానని గంజి ముట్టడం మానేసింది. నాకు అక్కా లేదు, చెల్లీ లేదు. ఎదురు చెప్పొద్దన్నాడు డాక్టరు. ఇంకేం చేయను?"

ఉడుప కూడా అరుగు ఎక్కి కూర్చున్నాడు.

"తిన్నావా అని గుమ్మంలోంచి అరిచి పోయేవాణ్ణయ్యా ఇదివరకు. ఇప్పుడు పక్కన కూర్చోక తప్పదు. చిన్నప్పటి సంగతులు చెబుతుంది. వింటాను. లేవబుద్ధి కావడం లేదు."

"మరి దమయంతి?"

"ఈ మీసంతోనా?" నాగు మొదటిసారి నవ్వాడు. "ఇందాక వేశారే కేక, అది యజమాని గుమ్మం ముందు వెయ్యండి. మళ్లీ మీ వేషం జోలికి రాడు."

"వేస్తాను," అన్నాడు ఉడుప. వేస్తాడనే అనిపించింది, ఆయనకి కూడా.

లోపల ముసలామె గోడకి చేరగిలబడి ఉంది. నాగు గంజి వెచ్చబెట్టడానికి మెత్తగా అడుగులేసుకుంటూ వంటింట్లోకి వెళ్లాడు. ఉడుప ఆమె పక్కన కూర్చున్నాడు. వచ్చినవాడు నాటకం చెడగొట్టకూడదు కదా.

"మీ గిరిజ మిమ్మల్ని బాగా చూసుకుంటోందామ్మా?"

ముసలామె వంటింటి వైపు చెవి పెట్టింది. గాజుల చప్పుడు దూరంగానే ఉందని తేల్చుకుని గొంతు తగ్గించింది.

"బాగానే చూసుకుంటున్నాడు."